ఫోన్ నంబర్ మారితే ఎన్ని ఫైళ్లు తెరవాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. చిన్న వ్యాపారాలకు సొంతంగా సైట్లు చేసిపెడుతున్నారు. పద్నాలుగు పేజీల సైట్‌లో క్లయింట్ ఫోన్ నంబర్ మార్చమంటే అన్ని పేజీలూ తెరవాల్సి వచ్చింది, అయినా ఒక మూల పాత నంబరే మిగిలిపోయి మాట పడ్డారు. పేజీ రంగూ రూపూ చెప్పే సీఎస్ఎస్‌లో ఒకటి ముట్టుకుంటే ఇంకోటి చెడుతోంది. అందరూ ‘మాడ్యులర్‌గా కట్టు’, అంటే విడివిడి ముక్కలుగా కట్టు అంటున్నారు, అందుకు రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ నేర్చుకోవాలా అని మీ సందేహం.

రియాక్ట్ నేర్చుకుంటే మంచిదే, ఉద్యోగానికి పనికొస్తుంది. మీ ఇబ్బందికి మాత్రం అది మందు కాదు. రియాక్ట్‌లో కూడా ఫోన్ నంబర్‌ని ప్రతి కాంపొనెంట్‌లో (పేజీలోని ఒక్కో ముక్కలో) విడివిడిగా టైప్ చేసేవాళ్లు ఉన్నారు. వేరేవాళ్లు సగంలో వదిలేసి నా చేతికొచ్చిన ప్రాజెక్టుల్లో అలాంటివి చూస్తూనే ఉంటాను. పనిముట్టు సంగతి తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది ముక్కలు ఎక్కడ కోయాలన్నది.

చాలామంది పేజీని కంటితో చూసి కోస్తారు. పైన హెడర్, దాని కింద బ్యానర్, మూడు కార్డులు, ఫుటర్. చూడ్డానికి అది మాడ్యులర్‌గానే ఉంటుంది. కానీ క్లయింట్ ఫోన్ చేసి ‘ఆ మూడో డబ్బా మార్చు’ అనడు కదా. ‘ఆదివారం టైమింగ్ మారింది’ అంటాడు, ఆ టైమింగ్ హెడర్‌లోనూ ఉంటుంది, కాంటాక్ట్ పేజీలోనూ, ఫుటర్‌లోనూ ఉంటుంది. 1972లోనే డేవిడ్ పార్నాస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త దీని గురించి ఒక పత్రం రాశారు. ఒకే ప్రోగ్రామ్‌ను రెండు రకాలుగా విడగొట్టి చూపించారు. మొదటిది పని జరిగే వరుసను బట్టి కోయడం. రెండోది, రేపు మారే అవకాశమున్న నిర్ణయాలను ఒక్కొక్కటీ ఒక్కో మాడ్యూల్‌లో దాచేయడం. రెండో పద్ధతిలో మార్పు ఒకచోటే ఆగిపోతుంది, మొదటి దాంట్లో ప్రోగ్రామ్ అంతా పాకుతుంది. అప్పటికి వెబ్ పుట్టనే లేదు, కానీ మీ పద్నాలుగు పేజీల కష్టానికి జవాబు అందులో ఉంది.

అందుకే కోడ్ మొదలుపెట్టకముందు క్లయింట్‌ను మూడు సంగతులు అడుగుతాను. ఇందులో ఏది మారుతుంది, ఎవరు మారుస్తారు, ఎన్నాళ్లకోసారి? రంగులు, ఫొటోలు మాట్లాడదామని వచ్చిన మనిషికి ఇది విసుగే. ‘ముందు సైట్ చూపించు బాబూ, మార్పుల సంగతి తర్వాత’ అంటారు. అయినా వదలను.

ఒక ఉదాహరణ చెప్తాను. జిల్లా కేంద్రంలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్. అడిగితే తేలిందేమిటంటే, రేట్లు తరచూ మారతాయి, డాక్టర్ల టైమింగులు అంతకన్నా తరచుగా, బ్రాంచి ఎప్పుడో ఒకటి పెరుగుతుంది, లోగో దాదాపు మారదు. రేట్లు మార్చేది రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి. ఆమెకు ఎక్సెల్ కొట్టిన పిండి, పేజీలు రాసే హెచ్‌టీఎమ్ఎల్ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఈ నాలుగు ముక్కలు తెలిశాక సైట్ సగం రూపం దానంతటదే వచ్చేసింది. పరీక్షల జాబితా మొత్తం ఒక స్ప్రెడ్‌షీట్. పేరు తెలుగులో, పేరు ఇంగ్లిష్‌లో, ధర, పరగడుపునా కాదా, ఎన్ని గంటలు, రిపోర్ట్ ఎప్పుడు వస్తుంది. సైట్ ఆ షీట్‌ను చదివి పేజీలు తయారు చేసుకుంటుంది. పేజీల్లో ఎక్కడా ధర అనే అంకె చేత్తో రాసి ఉండదు.

ఇందులో పరగడుపు సంగతి కాస్త దగ్గరగా చూడండి. వాళ్ల పాత సైట్‌లో ఒక పరీక్ష దగ్గర ‘ఖాళీ కడుపుతో రావలెను’ అని ఉండేది, ఇంకోచోట ‘ఫాస్టింగ్ తప్పనిసరి’, మరోచోట ‘ఉదయం టిఫిన్ చేయకుండా రండి’. ఎవరో ఎప్పుడో ఏ పేజీకి ఆ పేజీ టైప్ చేసుకుంటూ పోయారు. నేను షీట్‌లో అవును, కాదు అనే ఒక గడి, గంటలకు ఇంకో గడి పెట్టాను. గమనిక వాక్యం మాత్రం ఒకే ఒక్క టెంప్లేట్ ఫైల్‌లో, అంటే పేజీలన్నిటికీ అచ్చులాంటి ఫైల్‌లో ఉంటుంది. కొన్నాళ్లకు సెంటర్ ఓనరుగారు ఫోన్ చేశారు. పరగడుపున అంటే మంచినీళ్లు కూడా తాగకూడదేమో అనుకుని జనం నీరసంగా వస్తున్నారట, ‘మంచినీళ్లు తాగవచ్చు’ అని చేర్చమన్నారు. ఒక ఫైల్‌లో రెండు మాటలు చేర్చాను. పరగడుపున చేసే ప్రతి పరీక్ష పేజీలోనూ ఆ మాటలు వచ్చేశాయి.

ధరల్లో ఇంకో చిన్న జాగ్రత్త. షీట్‌లో వట్టి అంకె మాత్రమే ఉండాలి. ‘రూ.’ అని, కామా అని, ‘/-’ అని షీట్‌లో రాయనిస్తే ఒక్కో వరుస ఒక్కో రకంగా తయారవుతుంది, తర్వాత ధరను బట్టి వరుస పేర్చమంటే చేతులెత్తేయాలి. రూపాయి గుర్తు, లక్షల కామాలు పెట్టే పని ఒక ఫంక్షన్‌కు అప్పగించండి. జావాస్క్రిప్ట్‌లో అంకెల ఫార్మాటింగ్‌కు భారతీయ లొకేల్ (ప్రాంతం గుర్తు) ఇస్తే 1,20,000 అని మన పద్ధతిలోనే వస్తుంది.

ఇక మీ ఫోన్ నంబర్. అది ఒకటే అయినా మూడు వేషాలు వేస్తుంది. కంటికి కనిపించేటప్పుడు మధ్యలో ఖాళీ ఉండాలి, లేకపోతే చదవడం కష్టం. నొక్కితే కాల్ వెళ్లే లింక్‌కు ప్లస్ 91తో, ఖాళీలు లేకుండా ఉండాలి. వాట్సాప్ లింక్‌కైతే 91 ఉండాలి కానీ ప్లస్ గుర్తు ఉండకూడదు. ఇవి కాక గూగుల్ చదివే స్కీమా డేటాలో ఇంకోసారి వస్తుంది, మీకు ఆ మూల మిగిలిపోయిన పాత నంబర్ బహుశా అక్కడే ఉండి ఉంటుంది, ఎందుకంటే అది పేజీలో కనిపించదు. సైట్ వివరాల ఫైల్ అని ఒకటి పెట్టుకోండి. నంబర్ అందులో ఒక్కసారి, ఒక్క రూపంలో ఉండాలి. మిగతా రూపాలన్నీ కోడ్ దాని నుంచే తయారు చేసుకోవాలి. చిరునామా, పని వేళలు, మ్యాప్ లింక్, జీఎస్టీ నంబర్ కూడా అందులోకే.

దీనికి ఏ టూల్ వాడాలి? మన క్లయింట్లలో చాలామందిది చవక షేర్డ్ హోస్టింగ్, అక్కడ సర్వర్ మీద నడిచే పీహెచ్‌పీ భాష ఎలాగూ ఉంటుంది. హెడర్, ఫుటర్ విడి ఫైళ్లుగా తీసి ప్రతి పేజీలోకీ ఇన్‌క్లూడ్ చేసుకుంటే (పిలిపించుకుంటే) పాత పద్ధతే అయినా పని అయిపోతుంది, దాన్ని చూసి నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. కమాండ్ లైన్ అలవాటుంటే ఎలెవెంటీ, హ్యూగో, ఆస్ట్రో లాంటి పేజీలు తయారుచేసే టూల్స్ ఇంకా హాయి. పేజీలు ముందే తయారై ఉంటాయి కాబట్టి సర్వర్ మీద భారం ఉండదు, హ్యాక్ కావడానికి అక్కడ డేటాబేస్ ఉండదు. క్లయింట్ స్వయంగా వార్తలు, ఫొటోలు పెట్టుకుంటానంటే వర్డ్‌ప్రెస్ అనే కంటెంట్ నిర్వహణ సాఫ్ట్‌వేర్. దాని గురించి కింద చెప్తాను.

సీఎస్ఎస్ దగ్గరికి వద్దాం, మీ రెండో నొప్పి అదే కదా. ఒకటి ముట్టుకుంటే ఇంకోటి చెడుతోందంటే, ఒక రూల్ తనకు సంబంధం లేని చోటికి కూడా చేయి చాపుతోందన్నమాట. ‘సైడ్‌బార్‌లో ఉన్న డివ్‌లో ఉన్న హెచ్3’ అని రాసిన రూల్ అలాంటిదే. రేపు సైడ్‌బార్‌లోకి ఇంకో హెచ్3 రాగానే దాన్నీ పట్టుకుంటుంది. అప్పుడు దాన్ని ఓడించడానికి ఇంకా పొడుగు రూల్ రాస్తారు, దాన్ని ఓడించడానికి ఐడీ పెడతారు, చివరికి మిగతా రూళ్లన్నిటినీ తోసేసే ఇంపార్టెంట్ అనే గుర్తు పెట్టి గట్టిగా అరుస్తారు. యాండెక్స్ అనే రష్యన్ కంపెనీ వాళ్లు తెచ్చిన బెమ్ (బ్లాక్, ఎలిమెంట్, మాడిఫయర్) పేర్ల పద్ధతి దీనికి మంచి విరుగుడు. ప్రతి బ్లాక్‌కూ ఒక పేరు, దాని లోపలి భాగాలన్నీ ఆ పేరుతోనే మొదలవుతాయి, అన్నీ ఒకే క్లాస్ బరువుతో ఉంటాయి, అంటే గెలుపోటముల్లో అన్నీ సమానమే. పేర్లు చాంతాడంత అవుతాయని కొందరికి చిరాకు. నేను బ్లాక్, ఎలిమెంట్ వరకు తీసుకుని మిగతాది చూసీచూడనట్టు వదిలేస్తాను.

2022 మార్చి నుంచి ముఖ్యమైన బ్రౌజర్లన్నిటిలో కాస్కేడ్ లేయర్లు, అంటే సీఎస్ఎస్ రూళ్లను అంచెలుగా పేర్చే పద్ధతి, ఉన్నాయి. ఇవి వచ్చాక సగం గొడవ పోయింది. ఫైల్ మొదట్లోనే వరుస చెప్పేస్తాను: రీసెట్, ప్రాథమిక శైలి, లేఅవుట్, కాంపొనెంట్లు, చివర చిన్న సర్దుబాట్లు. తర్వాతి లేయర్‌లోని చిన్న రూల్ కూడా ముందు లేయర్‌లోని ఎంత బరువైన రూల్‌నైనా గెలుస్తుంది. బయటి నుంచి తెచ్చిన స్లైడర్ సీఎస్ఎస్‌ను అన్నిటికన్నా అడుగు లేయర్‌లోకి ఇంపోర్ట్ చేస్తే దాన్ని ఓడించడానికి ఇంపార్టెంట్ అక్కర్లేదు. ఒక్క మెలిక గుర్తుంచుకోండి, ఏ లేయర్‌లోనూ లేని మామూలు రూల్ లేయర్లలో ఉన్నవాటన్నిటినీ గెలుస్తుంది. సగం సైట్ లేయర్లలో, సగం బయట ఉంటే తల పట్టుకోవాల్సి వస్తుంది. కొత్త సైట్‌లో అయితే అన్నీ లోపలే పెట్టండి.

రంగులకు రెండు అంచెల వేరియబుల్స్ (విలువకు పెట్టుకునే పేర్లు) పెడతాను. మొదటి అంచెలో అసలు రంగులు, రెండో అంచెలో వాటి పాత్రలు, అంటే ప్రధాన బటన్ రంగు, హెచ్చరిక రంగు, పక్క నేపథ్యం రంగు. కాంపొనెంట్లు పాత్రల పేర్లే వాడతాయి. ‘నీలం బటన్’ అని క్లాస్‌కు పేరు పెడితే వాస్తు ప్రకారం ఆకుపచ్చ చేయమన్నప్పుడు నీలం అనే పేరుతో ఆకుపచ్చ బటన్ మిగులుతుంది. ఇది హాస్యానికి అనడం లేదు, వాస్తు కోసం రంగులు మార్పించిన క్లయింట్లు మీకూ తగులుతారు.

ఒకే ఒక్క నియమం పాటించమంటే నేను చెప్పేది ఇది: కాంపొనెంట్ తన బయటి మార్జిన్ (చుట్టూ వదిలే ఖాళీ) తాను పెట్టుకోకూడదు. కార్డ్‌కు కింద 24 పిక్సెళ్ల మార్జిన్ పెట్టారనుకోండి. హోమ్ పేజీలో బాగుంటుంది. అదే కార్డ్‌ను సైడ్‌బార్‌లో పెడితే చివరి కార్డ్ కింద అనవసరపు ఖాళీ వస్తుంది, దాన్ని తీసేయడానికి ఒక మినహాయింపు రూల్, పాపప్‌లో ఇంకో మినహాయింపు. కార్డ్ తన లోపలి ప్యాడింగ్ వరకే చూసుకోవాలి. పక్కవాటికీ తనకూ మధ్య దూరం ఎంత అన్నది వాటన్నిటినీ పట్టుకున్న లేఅవుట్ చెప్పాలి. గ్రిడ్, ఫ్లెక్స్ అనే లేఅవుట్ పద్ధతుల్లో గ్యాప్ అనే ప్రాపర్టీ ఉన్నది అందుకే. ఈ ఒక్కటి పాటిస్తే మీ ఫైల్లోని మినహాయింపు రూళ్లు ఎన్ని మాయమవుతాయో మీరే చూస్తారు.

కంటైనర్ క్వెరీలు కూడా ఇదే దారి. మీడియా క్వెరీ స్క్రీన్ వెడల్పు అడుగుతుంది. కానీ పెద్ద స్క్రీన్ మీద ఇరుకు సైడ్‌బార్‌లో ఉన్న కార్డ్‌కు స్క్రీన్ వెడల్పుతో ఏం పని? దానికి దొరికిన చోటు ఎంతన్నదే ముఖ్యం, కంటైనర్ క్వెరీ అడిగేది అదే. 2023 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్ కూడా చేర్చాక క్రోమ్, సఫారీ, ఫైర్‌ఫాక్స్ మూడింటిలోనూ ఇవి పనిచేస్తున్నాయి, ధైర్యంగా వాడొచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మాడ్యులర్ పిచ్చి పట్టాక మనిషి అన్నిటినీ కలిపేస్తాడు. ఆ డయాగ్నొస్టిక్ సైట్‌లోనే డాక్టర్ కార్డ్, పరీక్ష కార్డ్ చూడ్డానికి కవలపిల్లల్లా ఉండేవి. ఒక శీర్షిక, ఒక వివరం, ఒక బటన్. రెండూ ఒకే కాంపొనెంట్ చేసేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. వాటిని విడిగానే ఉంచాను. డాక్టర్ కార్డ్ మారేది డాక్టర్ సెలవు పెట్టినప్పుడు, కొత్త స్పెషలిస్ట్ వచ్చినప్పుడు. పరీక్ష కార్డ్ మారేది రేట్లు మారినప్పుడు, ప్యాకేజీలు పెట్టినప్పుడు. అనుకున్నట్టే డాక్టర్ కార్డ్‌కు ఫొటో, ‘ఈ వారం లేరు’ అనే పట్టీ వచ్చాయి. పరీక్ష కార్డ్‌కు కొట్టేసిన పాత ధర వచ్చింది. రెండూ కలిపి ఉంటే ఈపాటికి అందులో ఫొటో ఉందా, ధర ఉందా, పట్టీ ఉందా అని బోలెడు స్విచ్‌లు ఉండేవి, ఏ స్విచ్ వేస్తే ఏది ఆరిపోతుందో రాసినవాడికే తెలిసేది కాదు. ఒకేలా కనిపించినంత మాత్రాన కలపకండి. ఒకే కారణంతో మారేవైతే కలపండి. అనుమానంగా ఉంటే రెండుసార్లు కాపీ చేసి ఊరుకోండి, మూడోసారి కూడా అదే అవసరం వస్తే అప్పుడు కాంపొనెంట్ చేద్దురుగాని.

తెలుగు సైట్ల గురించి ఇంగ్లిష్ ట్యుటోరియళ్లలో దొరకని సంగతులు కొన్ని ఉన్నాయి. ఇవి చెప్పడానికే ఇంత పెద్ద జవాబు మొదలుపెట్టానేమో.

డిజైనర్ ఇచ్చే బొమ్మలో శీర్షికలకు లైన్ హైట్ (వరుస ఎత్తు) 1.2 ఉంటుంది. ఇంగ్లిష్‌కు చక్కగా సరిపోతుంది. అందులో ‘రాష్ట్రస్థాయి స్త్రీల వైద్య శిబిరం’ అని పెట్టి చూడండి. పై వరుస వత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. దానికి తోడు డబ్బా దాటిందాన్ని దాచేసే ఓవర్‌ఫ్లో హిడెన్ ఉంటే వత్తులు సగానికి తెగిపోతాయి. తెలుగు శీర్షికలకు నేను 1.5 దగ్గర, మామూలు మ్యాటర్‌కు 1.7 దగ్గర మొదలుపెట్టి ఫాంట్‌ను బట్టి సర్దుతాను. ప్రతి కాంపొనెంట్‌లో ఇది రాయక్కర్లేదు. లైన్ హైట్ ఒక వేరియబుల్‌గా పెట్టి, భాష తెలుగు అని గుర్తు ఉన్న చోట దాని విలువ మార్చేస్తే సరి. అందుకే పేజీకి లాంగ్ ఆట్రిబ్యూట్ (భాష గుర్తు) ‘టీఈ’ (te) అని తప్పకుండా ఇవ్వండి, రెండు భాషలు కలిసిన పేజీలో ఏ ముక్క ఏ భాషో ఆ ముక్కకు ఇవ్వండి. గూగుల్‌కూ, చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కూ కూడా అది కావాలి. లెటర్ స్పేసింగ్ తెలుగుకు సున్నా. ఇంగ్లిష్ శీర్షికలకు హుందాగా ఉందని పెట్టిన ఆ ఖాళీ తెలుగు పదాన్ని అక్షరమక్షరంగా విడగొట్టేస్తుంది.

ఎత్తు బిగించిన డబ్బాలు కూడా తెలుగుకు పడవు. ‘బుక్ నౌ’ అనే బటన్‌లో ‘అపాయింట్‌మెంట్ తీసుకోండి’ పట్టాలి. బటన్‌కైనా కార్డ్‌కైనా ఎత్తు ఇవ్వకండి, ప్యాడింగ్ ఇవ్వండి. అలాగే వివరాన్ని ఎనభై అక్షరాల దగ్గర కోసి మూడు చుక్కలు పెట్టే కోడ్ చాలా థీముల్లో ఉంటుంది. తెలుగులో అది గుణింతం మధ్యలో తెగి, ఒంటరి పొల్లు మిగులుతుంది. వరుసల లెక్కన ఆపే సీఎస్ఎస్ లైన్ క్లాంప్ వాడండి, లేదా పదాల మధ్య ఖాళీ చూసి కోయండి.

ఫాంట్లకు నోటో సాన్స్ తెలుగు, సిలికానాంధ్ర ద్వారా వచ్చిన మండలి, రామభద్ర లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. తెలుగు ఫాంట్ ఫైల్ ఇంగ్లిష్ దానికన్నా బాగా బరువు, ఎందుకంటే వత్తులకూ గుణింతాలకూ ఎన్నో రూపాలు అందులో ఉండాలి. ఒకటి, మహా అయితే రెండు ఫాంట్లు చాలు. ఫాంట్ ఏ అక్షరాలకో చెప్పే యూనికోడ్ రేంజ్ ఇస్తే తెలుగు అక్షరాలు లేని పేజీలో ఆ ఫైల్ దిగనే దిగదు. తెలుగు బ్లాక్ 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు ఉంటుంది.

క్లయింట్ పాంప్లెట్ కోసం డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించిన మ్యాటర్ పంపుతాడు. అది యూనికోడ్ కాదు, పేజీలో పెడితే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి, కానీ వత్తుల దగ్గర తప్పులు మిగులుతాయి, ప్రూఫ్ చదవక తప్పదు. ఆ పనికి కొటేషన్‌లో విడిగా ఒక లైన్ రాసుకోండి.

ఇంకోటి. పేజీ యూఆర్ఎల్‌ను తెలుగు పేరు నుంచి పుట్టించకండి. యూఆర్ఎల్‌లోకి వెళ్లేటప్పుడు తెలుగు అక్షరం, గుణింతం, పొల్లు ఒక్కోటీ శాతం గుర్తులతో కలిపి తొమ్మిది క్యారెక్టర్లు అవుతుంది. వర్డ్‌ప్రెస్‌లో స్లగ్ (యూఆర్ఎల్ చివర వచ్చే పేజీ పేరు) పరిమితి 200 క్యారెక్టర్లు. అంటే ఇరవై రెండు గుర్తులు దాటగానే మిగతాది తెగిపోతుంది. వాట్సాప్‌లో పంపితే ఆ లింక్ చేటభారతంలా కనిపిస్తుంది. దానికన్నా పెద్ద చిక్కు, రేపు ఎవరో ‘రక్తపరీక్ష’ను ‘రక్త పరీక్ష’గా దిద్దుతారు, పాత లింకులన్నీ చస్తాయి. షీట్‌లోనే ప్రతి పరీక్షకూ ఇంగ్లిష్ అక్షరాల్లో మారని గుర్తింపు పేరు ఒకటి పెట్టండి. కనిపించే పేరు ఎన్నిసార్లైనా మారొచ్చు, గుర్తింపు పేరు మారకూడదు.

సెర్చ్ పెడితే, ‘వెబ్‌సైట్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి దాక్కుని ఉంటుందని గుర్తుంచుకోండి. వెతికేవాళ్లు అది లేకుండా టైప్ చేస్తే ఫలితం సున్నా. పోల్చే ముందు రెండు వైపులా దాన్ని తీసేసే పని ఒక ఫంక్షన్‌లో పెట్టి, సెర్చ్ ఎక్కడున్నా దాన్నే పిలవండి.

జావాస్క్రిప్ట్ గురించి ఎక్కువ చెప్పను. అది లోడ్ కాకపోయినా పేజీ చదవడానికి, ఫోన్ చేయడానికి వీలుండాలి. ప్రశ్నలు-జవాబుల మడతలకు హెచ్‌టీఎమ్ఎల్‌లోనే డీటెయిల్స్ ట్యాగ్ ఉంది, పాపప్‌కు డైలాగ్ ట్యాగ్ ఉంది, లైబ్రరీ అక్కర్లేదు. ఒక్కో కాంపొనెంట్ స్క్రిప్ట్ తన డబ్బాలోపలే వెతకాలి, పేజీ మొత్తం మీద చేయి వేయకూడదు. చాట్ విడ్జెట్, హీట్‌మ్యాప్ అని క్లయింట్ అడిగిందల్లా తగిలించేముందు వాటి బరువు కొలిచి చూపించండి. ప్రధాన భాగం కనిపించడానికి 2.5 సెకన్లు, నొక్కితే స్పందించడానికి 200 మిల్లీసెకన్లు అని గూగుల్ పెట్టిన హద్దులు చెబితే కొందరు వింటారు.

వర్డ్‌ప్రెస్‌లో మాడ్యులర్ అంటే ముఖ్యంగా ఒక సరిహద్దు. డేటా ఎలా ఉంటుందన్నది ప్లగిన్‌లో, ఎలా కనిపిస్తుందన్నది థీమ్‌లో. పరీక్షలు, డాక్టర్లు లాంటి కస్టమ్ పోస్ట్ టైపులను (మనం కొత్తగా చేర్చే సమాచార రకాలను) థీమ్ ఫంక్షన్స్ ఫైల్‌లో రిజిస్టర్ చేసేస్తుంటారు. రెండేళ్ల తర్వాత ఇంకెవరో థీమ్ మారుస్తారు, అడ్మిన్‌లోంచి పరీక్షల మెనూ మాయం. డేటాబేస్‌లో సమాచారం భద్రంగానే ఉంటుంది, కానీ ఆ సంగతి క్లయింట్‌కు ఏం తెలుసు, గుండె ఆగినంత పనవుతుంది. ఓ యాభై వరుసల చిన్న సొంత ప్లగిన్ రాసి అందులో పెట్టండి. వేరేవాళ్ల థీమ్‌ను దిద్దాల్సి వస్తే దాని మీద వేసే చైల్డ్ థీమ్‌లోనే, లేకపోతే అప్‌డేట్ రాగానే మీరు చేసినదంతా తుడిచిపెట్టుకుపోతుంది. మౌస్‌తో లాగి పేజీలు కట్టే పేజీ బిల్డర్లను నేను ఒక ల్యాండింగ్ పేజీ వరకు ఒప్పుకుంటాను. వాటిలో ప్రతి పేజీ తన రంగులు, తన ఖాళీలు తనలోనే మోసుకుని తిరుగుతుంది, మీ పద్నాలుగు పేజీల కథే మళ్లీ, ఈసారి మౌస్‌తో. క్లయింట్‌కు తనంతట తాను మార్చుకునే వీలు కావాలంటే, మీరు కట్టిన బ్లాక్‌లో మాటలూ ఫొటోలూ మార్చనిచ్చి లేఅవుట్‌కు తాళం వేయండి. వర్డ్‌ప్రెస్ ఎడిటర్ గుటెన్‌బర్గ్‌లో ఆ సదుపాయం ఉంది, థీమ్ జేసన్ ఫైల్‌లో రంగుల ఎంపికలు కూడా కట్టడి చేయొచ్చు.

ప్రతి సైట్‌లోనూ బయటివాళ్లకు లింక్ ఇవ్వని ఒక పేజీ పెడతాను. అందులో సైట్‌లోని కాంపొనెంట్లన్నీ వరుసగా ఉంటాయి, కావాలని చెడ్డ డేటాతో. అన్నిటికన్నా పొడుగు తెలుగు పేరు, ఫొటో లేని డాక్టర్, ధర ఇంకా వేయని పరీక్ష, ఒకే ఒక్క కార్డ్ ఉన్న గ్రిడ్. సీఎస్ఎస్ మార్చిన ప్రతిసారీ ముందు ఆ పేజీ చూస్తాను. డిజైన్ బొమ్మలో అన్ని పేర్లూ రెండు మాటలే, అందరూ నవ్వుతున్న ఫొటోలే ఉంటాయి. నిజం డేటా అలా రాదు.

అప్పగించడం కూడా ఈ పనిలో భాగమే. డొమైన్, హోస్టింగ్ క్లయింట్ పేరుతో, ఆయన ఈమెయిల్‌తోనే తీసుకోండి. మన పేరుతో ఉంటే క్లయింట్ ఎక్కడికీ పోడని కొందరు అనుకుంటారు. రెన్యువల్ రోజు అర్ధరాత్రి ఫోన్లు ఎత్తాల్సింది మనమే. కోడ్ గిట్‌లో (మార్పులన్నీ గుర్తుపెట్టుకునే టూల్‌లో) ఉండాలి, ఒక్కరే పనిచేస్తున్నా సరే. ఒక పేజీ తెలుగు రీడ్‌మీ రాయండి. రేట్లు ఎక్కడ మారతాయి, టైమింగులు ఎక్కడ, ఏది ముట్టుకోకూడదు. ఎలా రాశానో చూసుకోవడానికి నేను దాన్ని రిసెప్షన్ అమ్మాయికిచ్చి, నేను పక్కన లేకుండా ఒక రేటు మార్చమంటాను. మధ్యలో నాకు ఫోన్ వస్తే రీడ్‌మీ ఇంకా సరిగా లేదని అర్థం.

డబ్బు సంగతి ఒక్క మాట. కొటేషన్‌ను కూడా పేజీల లెక్కన కాకుండా భాగాల లెక్కన రాయండి: పరీక్షల జాబితా, డాక్టర్ల విభాగం, అపాయింట్‌మెంట్ ఫారమ్, తెలుగు-ఇంగ్లిష్ రెండు భాషలు. బేరమాడినప్పుడు ‘ఫారమ్ తర్వాత పెట్టుకుందాం’ అని ఒక భాగం తీసేయొచ్చు. పేజీల లెక్కన రాస్తే అదే పనికి రేటు తగ్గించడం తప్ప దారి ఉండదు.

మీ పద్నాలుగు పేజీల సైట్‌ను మళ్లీ మొదటినుంచి కట్టకండి. క్లయింట్ దానికి డబ్బులివ్వడు. ముందు ఉన్నదున్నట్టు గిట్‌లో పెట్టండి. ఫైళ్లన్నిటిలో ఫోన్ నంబర్ వెతికి, చివరి ఐదు అంకెలతో విడిగా కూడా వెతికి, ఎక్కడెక్కడుందో రాసుకోండి. సైట్ వివరాల ఫైల్ పెట్టి ఆ చోట్లన్నీ దానికి కలపండి. తర్వాత హెడర్, ఫుటర్ విడి ఫైళ్లు చేయండి. పేజీల ఎక్స్‌టెన్షన్ మారితే పాత అడ్రసుల నుంచి కొత్తవాటికి 301 రీడైరెక్ట్ (శాశ్వతంగా దారి మళ్లించడం) మర్చిపోవద్దు. ఇక్కడికి ఆపేసి లైవ్‌లో పెట్టండి. సీఎస్ఎస్‌ను ఇప్పుడే కదపొద్దు. క్లయింట్ ఏ విభాగంలో మార్పు అడిగితే ఆ విభాగాన్ని మాత్రం కొత్త పద్ధతిలోకి తెచ్చుకుంటూ పోండి. పాత ఫైల్ మొత్తాన్ని అడుగు లేయర్‌లోకి ఇంపోర్ట్ చేసి, కొత్త కాంపొనెంట్లను పై లేయర్‌లో రాస్తే రెండూ కొట్టుకోకుండా కలిసి బతుకుతాయి. కాకపోతే పాత ఫైల్‌లో ఇంపార్టెంట్‌లు ఉంటే ముందు వాటిని ఏరేయండి. ఇంపార్టెంట్ రూళ్లకు లేయర్ల వరుస తిరగబడుతుంది, అడుగున ఉన్నదే గెలుస్తుంది.